శ్వాస గడిలో అందరికీ 20: తప్పు నర్సింగ్ విద్యార్థుల వైఖరిదా, మన శిక్షణదా?

పాలమూరు_ట్యూటర్

సభ్యులందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఒక నర్సింగ్ కళాశాలలో తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. గత వారం మా రెండో సంవత్సరం విద్యార్థినులు మెడికల్ వార్డులో రాసిన టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చార్టులను ఒకచోట పెట్టుకుని చూశాను. ఉష్ణోగ్రతలు ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉన్నాయి. నాడి 68 నుంచి 112 వరకు రకరకాలుగా ఉంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసే శ్వాస గడిలో మాత్రం 38 మంది రోగులలో 35 మందికి 20 అని, మిగిలిన ముగ్గురికి 22 అని రాసి ఉంది. ఆ ముగ్గురిలో ఒకరు ఆస్తమాతో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దాయన. మంచం దగ్గర నిలబడితే చాలు, ఆయన ఛాతీలోని పిల్లికూతలు వినబడుతున్నాయి. నేను గడియారం పట్టుకుని లెక్కిస్తే 34 వచ్చింది.

తోటి అధ్యాపకులతో ఈ సంగతి చెబితే, సగం మంది నీట్‌లో సీటు రాక వచ్చినవారనీ, మిగతా సగం మందిని ఉద్యోగం ఖాయమని ఇంట్లోవాళ్లు పంపించారనీ, ఇష్టం లేని చదువులో శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుందనీ అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా రుచించలేదు. ఇదే పిల్లల్లో ఒకరు మొన్న మంచం నెంబరు 11లోని ముసలమ్మకు తన టిఫిన్ డబ్బా పెట్టి, ఆమె తినేదాకా పక్కనే కూర్చుంది. వైఖరి బాగాలేని పిల్ల ఆ పని చేయదు. అదే పిల్ల ఆ ముసలమ్మ చార్టులో కూడా 20 అనే రాసింది. ఈ రెండింటినీ ఎలా కలిపి అర్థం చేసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఇలాగే_ఉంటుంది

మేడమ్ గారూ, ఇందులో అర్థం చేసుకోవలసినంత లోతు ఏమీ లేదు. హైదరాబాదులో నేను పనిచేసిన ఆసుపత్రుల్లో జీతం తీసుకునే సిస్టర్లు కూడా 20 అనే రాస్తారు. పిల్లలు వారిని చూసి నేర్చుకున్నారు.

పిల్లలమర్రి_నీడ

ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేసినదాన్ని. ఇలాంటి చర్చల్లో 'మా కాలంలో ఇలా ఉండేది కాదు' అని మొదలుపెట్టే హక్కు నా వయసువారికి ఉందని అందరూ అనుకుంటారు కాబట్టి, నేను ముందుగానే ఒక నిజం ఒప్పుకుంటాను. తలమీద గంజి పెట్టిన తెల్ల క్యాప్‌తో శిక్షణ పొందిన రోజుల్లో మేమూ 20 రాశాము. మా వార్డు సిస్టరంటే హడలిపోయేవాళ్లం. నడవాలో ఆమె చెప్పుల చప్పుడు వినబడితే దుప్పట్ల మూలలు సర్దేవాళ్లమే గానీ, రోగి ఊపిరి లెక్కపెట్టేవాళ్లం కాదు, ఎందుకంటే ఆమె దుప్పటి మూలలను చూసేది, శ్వాస గడిని చూసేది కాదు. పై అధికారి దేన్ని తనిఖీ చేస్తే కింది మనిషి దాన్నే నేర్చుకుంటుంది.

ఇక పనితనం సంగతి. నాడి చూడటం చేత్తో చేసే పని గనుక పిల్లకు అది పనిలా అనిపిస్తుంది. థర్మామీటరు ఒక పరికరం. శ్వాస లెక్కించడమంటే ఊరికే నిలబడి చూడటం, చూసేవారికి ఖాళీగా ఉన్నట్టు కనిపించడం. వార్డులో ఖాళీగా కనిపించిన విద్యార్థినికి వెంటనే ఇంకో పని చెబుతారు. నా కళ్లతో ఎన్నిసార్లు చూశానో! అందుకే నా విద్యార్థినులకు నేను పాత కిటుకే నేర్పాను. నాడి లెక్క ముగిసినా రోగి మణికట్టు వదలకుండా, ఆ చేతిని అలాగే అతని పొట్ట మీద ఆనించి, ఒక నిమిషం పాటు ఊపిరిని లెక్కించాలి. ఊపిరి చూస్తున్నామని రోగికి చెబితే అతను దాన్ని మార్చుకుంటాడు. చేయి పట్టుకుని ఉంటే వార్డు సిస్టరు కూడా పనిలో ఉన్నారనే అనుకుంటుంది. ఈ రెండో లాభం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

దేవరకొండ_బ్రదర్

నేను నల్లగొండ జిల్లాలో ఐసీయూ బ్రదర్‌గా, అంటే మగ నర్సుగా పనిచేస్తున్నాను. పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో మాకు పురుగుల మందు కేసులు ఎక్కువ. కొందరు ఒంటి మీద పడి వస్తారు, చాలామంది తాగి వస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన వ్యక్తికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించి, ఊపిరితిత్తుల్లో తడి ఆరి, నాడి 80 దాటితే అందరం ఊపిరి పీల్చుకుంటాము. రోగి మాట్లాడుతుంటాడు, చాయ్ అడుగుతాడు, బంధువులు ఇంటికి తీసుకుపోతామంటారు. అసలు ప్రమాదం అప్పుడే ఉంటుంది. మందు తాగిన 24 గంటల నుంచి 96 గంటల లోపల కొందరిలో మెడ కండరాలు, ఛాతీ కండరాలు నిశ్శబ్దంగా సడలిపోతాయి. దిండు మీది నుంచి తల ఎత్తమంటే ఎత్తలేడు. శ్వాస వేగం పెరిగి, పైపైన ఆడుతూ, అలసిపోయి ఆగిపోతుంది.

మూడేళ్ల క్రితం, అప్పట్లో నేను పనిచేసిన ఆసుపత్రిలో, రాత్రి 10 గంటల చార్టులో 20, 12 గంటలకు 20, 2 గంటలకు 20 అని ఉన్న ఒక పాతికేళ్ల కౌలురైతుకు 3 గంటలకు నేనే గొంతులో గొట్టం వేయించవలసి వచ్చింది. అతను బతికాడు. అయితే ఆ మూడు ఇరవైలలో మధ్యది నేను రాసినదే. అప్పుడు నేను విద్యార్థిని కాను, ఐదేళ్ల అనుభవం ఉన్న ఉద్యోగిని. కాబట్టి విద్యార్థుల వైఖరి గురించి నేను గట్టిగా మాట్లాడలేను.

ఇప్పుడు నా దగ్గరికి పోస్టింగ్‌కు వచ్చే పిల్లలకు మొదటి రోజు రెండే పనులు చెబుతాను. రోగిని తల ఎత్తమనండి. ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని పైకి ఎంతదాకా లెక్కపెట్టగలడో చూడండి. పొద్దున 25 దాకా చెప్పిన మనిషి సాయంత్రం 12 దగ్గర ఆగితే పరుగెత్తుకుని వచ్చి నన్ను లేపండి. కట్లపాము కాటు కేసుల్లోనూ ఇదే పరీక్ష పనికొస్తుంది, ఎందుకంటే ఆ కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కనురెప్పలు వాలడంతో మొదలై శ్వాస మీదికి వస్తుంది. ఇలా చెప్పినప్పుడు నిర్లక్ష్యంగా ఉన్న విద్యార్థిని ఇంతవరకు నాకు ఒక్కరూ తగలలేదు. అంకె వెనుక మనిషి ఉన్నాడని తెలిసిన రోజున వాళ్లే లెక్కపెడతారు.

నల్లమల_నక్షత్రం

పెద్దలందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థినిని. మాది అచ్చంపేట వైపు ఊరు. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇక్కడ రాయవచ్చో లేదో తెలియక రెండు రోజులు ఆలోచించాను. తప్పుగా అనిపిస్తే క్షమించండి.

మేడమ్ గారు చెప్పిన వార్డులాంటి వార్డులోనే మేము పనిచేస్తాము. 38 మంది రోగులకు టీపీఆర్, బీపీ చూడటానికి ఇద్దరం ఉంటాము. ఒక్కో రోగికి థర్మామీటరు ఒక నిమిషం, నాడి ఒక నిమిషం, శ్వాస ఒక నిమిషం, బీపీ రెండు నిమిషాలు, చార్టు వెతికి రాయడం ఒక నిమిషం. నిజాయితీగా చేస్తే తలా 19 మందికి 114 నిమిషాలు పడుతుంది. మేము 7:30కు వార్డులోకి వెళ్తాము. మొదటి అరగంట పక్కలు సర్దడానికే పోతుంది. 9 గంటలకు డాక్టర్ల రౌండ్స్ మొదలవుతాయి, అప్పటికి చార్టులన్నీ నిండి ఉండాలి. మాకు మిగిలేది 60 నిమిషాలు. ఆ తక్కువైన 54 నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలో మాకు ఎవరూ చెప్పలేదు. అందుకని మొదట్లో మేము 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లం. అలా చేస్తే 16, 20, 24 లాంటి నాలుగో ఎక్కం అంకెలు తప్ప వేరే అంకె రానే రాదు. చాలామందికి 20 వచ్చేది. తర్వాత తర్వాత ఎలాగూ 20 వస్తుంది కదా అని చూడటమే మానేశాము.

ఇంకొక సంగతి. వార్డులో సెల్‌ఫోన్ నిషేధం. అది మంచిదే. యూనిఫాం జాబితాలో సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం అని ఉంటుంది, కానీ మా బ్యాచ్‌లో చాలామంది దగ్గర అది లేదు. నా దగ్గర ఉన్నది అన్న ఇచ్చిన డిజిటల్ గడియారం. అందులో సెకన్లు కనబడవు. గోడ గడియారం పోయిన ఏడు దసరా నుంచి 4:10 దగ్గర ఆగి ఉంది. నిమిషం ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు దేన్ని లెక్కించాలి?

చివరిది చెప్పడానికి భయంగా ఉంది. మొదటి సంవత్సరంలో ఒకసారి నేను పూర్తి నిమిషం లెక్కించి ఒక అమ్మకు 28 అని రాశాను. డ్యూటీలో ఉన్న సిస్టరు నన్ను పిలిచి, '28 అని రాస్తివి, ఇప్పుడు డాక్టరుకు ఫోన్ చేసేదెవరు, నువ్వు చేస్తావా?' అని అందరి ముందు అడిగారు. ఆ అంకె కొట్టేసి 20 చేయించారు. ఆ అమ్మకు ఏమీ కాలేదు, మూడో రోజు ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నాకు 20 రాయడమే సురక్షితమని అర్థమైంది. ఇది నా వైఖరే అయితే, అది నాకు ఎప్పుడు వచ్చిందో మాత్రం నాకు బాగా గుర్తుంది.

పాలమూరు_ట్యూటర్

ఈ బిడ్డ రాసింది చదివి మా వార్డుకు వెళ్లాను. మా వార్డులో గోడ గడియారమే లేదు, మేకు మాత్రం ఉంది. మా 12 మంది విద్యార్థినులను నిలబెట్టి చేతులు చూపమన్నాను. సెకన్ల ముల్లు ఉన్న గడియారాలు మూడు. తొమ్మిదేళ్లుగా నేను తరగతిలో 'ఒక పూర్తి నిమిషం లెక్కించవలెను' అని నల్లబల్ల మీద రాస్తున్నాను. ఏటా దీపాలు పట్టించి నైటింగేల్ ప్రతిజ్ఞ చేయిస్తున్నాము. ఆ దీపంతో పాటు తలా ఒక గడియారం చేతికి కట్టి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపించింది.

లేబర్‌రూమ్_కాపలా

నేను నాగర్‌కర్నూల్ వైపు ప్రసూతి విభాగంలో ఉన్నాను. మా దగ్గర ఆ ఇరవై మరీ భయంకరమైనది. బీపీ పెరిగి మూర్ఛ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాము. నాలుగు గంటలకొకసారి తర్వాతి మోతాదు ఇచ్చే ముందు మూడు విషయాలు చూసి తీరాలి: శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మోకాలి కుదుపు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) ఉండాలి, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. మందు ఒంట్లో ఎక్కువైతే మొదట మోకాలి కుదుపు పోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ట్రేలో ఉంటుంది, కానీ చార్టులో 20 అని ఉంటే దాన్ని ఎవరు తీస్తారు? లెక్కించకుండా రాసిన 20ని నమ్మి నేను సూది వేస్తే, ఆ పిల్ల అబద్ధం నా చేతి మీదుగా తల్లికి చేరుతుంది. సమయం అంతగా చాలకపోతే పొద్దుట టీపీఆర్ కుదించండి, మెగ్నీషియం చార్టును మాత్రం విద్యార్థినులకు ఒంటరిగా అప్పగించవద్దని మా విభాగంలో నేను పట్టుబట్టాను.

మా దగ్గర శిక్షణకు ఇంకొక చిక్కు ఉంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది 44.5 శాతం. లాగ్‌బుక్‌లో ఇన్ని సాధారణ కాన్పులు చూడాలి, ఇన్ని చేయాలి అని ఉంటుంది. ఒక సాధారణ కాన్పు జరిగితే మంచం చుట్టూ పది మంది విద్యార్థినులు నిలబడతారు, పది లాగ్‌బుక్కుల్లో సంతకాలు పడతాయి, బిడ్డ తల బయటికి రావడం చూసింది ఇద్దరే. మిగతా ఎనిమిది మందికి మేము నేర్పినది కాన్పు కాదు, సంతకం. 2017లో కరీంనగర్‌లో మొదలైన 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పు సేవల) శిక్షణ పొంది వచ్చినవారితో నేను పనిచేశాను. తల్లి పక్కన కూర్చుని నొప్పులు ముగిసేదాకా కదలకుండా ఉండటం వారికి అలవాటు. వాళ్ల దగ్గర పోస్టింగ్ చేసిన విద్యార్థినులు వారం తిరిగేసరికి తల్లి భుజం మీద చేయి వేసి మాట్లాడటం నేర్చుకున్నారు, ఎవరూ పాఠం చెప్పకుండానే.

ఇలాగే_ఉంటుంది

మీరంతా గడియారాల దగ్గరే ఆగిపోతే ఎలా? ఈ పిల్లలు రేపు ఏ జీతానికి చేరతారో కూడా మాట్లాడండి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలనీ సిఫారసు చేసింది. అది అమలైన చోటు నాకైతే తగలలేదు. నా సీనియర్లు కొందరు జర్మన్ భాష నేర్చుకుని వెళ్లిపోయారు. మిగిలినవారు సర్కారు కొలువు పరీక్షకు చదువుతున్నారు. 2022 చివరలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులు, 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు పడితే మా గదిలో రాత్రంతా లైట్లు వెలిగాయి. ఆ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తిస్తే చాలు. సాధారణ శ్వాస వేగం ఎంత అని అడిగితే అందరం సరిగ్గా గుర్తిస్తాము. వార్డులో లెక్కించడానికి మార్కులు లేవు.

పిల్లలమర్రి_నీడ

జీతం గురించి బాబు చెప్పినది అక్షరాలా నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే తక్కువ జీతం వచ్చినంత మాత్రాన ఊపిరి లెక్క మారదు కదా నాయనా.

నల్లమల బిడ్డ చెప్పిన ఆ 28 సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమెను కసిరిన సిస్టరు స్థానంలో నేను చాలాసార్లు ఉన్నాను, బహుశా ఇలాగే ఎవరినో కసిరి ఉంటాను. ఒక్కతే నర్సు 40 మంది రోగులను చూస్తున్నప్పుడు విద్యార్థిని తెచ్చిన కొత్త అంకె ఆమెకు సమాచారంలా కాక అదనపు పనిలా కనిపిస్తుంది. అది ఆమె స్వభావం కాదు, ఆమె అలసట. అంత మాత్రాన అంకెను కొట్టి వేరేది రాయించడం ఏ కారణంతోనూ క్షమించదగినది కాదు. చార్టు న్యాయస్థానంలో నిలబడే కాగితం. బిడ్డా, ఇకముందు ఎవరైనా అలా అడిగితే ఎదురు చెప్పనక్కరలేదు. 'సిస్టర్, మీరు కూడా ఒక్కసారి చూసి చెప్పండి, నాకు 28 వచ్చింది' అను. తప్పు నీ లెక్కలో ఉందేమో చూడమని పిలిస్తే ఎంత కోపంలో ఉన్న సిస్టరైనా మంచం దగ్గరికి వస్తుంది.

రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలని భారత నర్సింగ్ మండలి చెబుతుంది. ఆ గంటల్లో మనవాళ్లు కొత్త వెంటిలేటర్ల గురించి, కొత్త మందుల గురించి వింటారు. విద్యార్థినికి వార్డులో ఎలా నేర్పాలి, తప్పు చేస్తే ఎలా మాట్లాడాలి అన్నది నేను హాజరైన ఒక్క తరగతిలోనూ లేదు. 1929 నుంచి ఉన్న విద్యార్థి నర్సుల సంఘం శాఖలు మన కళాశాలల్లోనూ ఉన్నాయి. వాటిని రంగవల్లుల పోటీలకు, ఫ్రెషర్స్ పార్టీలకే పరిమితం చేశాము.

మునుగోడు_ఏఎన్‌ఎం

ఆలస్యంగా చూశాను. రెండేళ్ల ఏఎన్‌ఎం కోర్సు చదివి సబ్‌సెంటర్‌లో పనిచేస్తున్న నాకు బీఎస్సీ పిల్లల గురించి చెప్పే అర్హత ఉందో లేదో గానీ, కమ్యూనిటీ పోస్టింగ్‌కు మా ఊళ్లకు వాళ్లు వస్తారు కాబట్టి ఒక్క మాట.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ బాధ తప్పుతోంది గానీ, వంగిన నడుములు వంగినట్టే ఉన్నాయి. అలాంటి వారిలో కొందరికి పక్కటెముకల కీళ్లు కూడా గట్టిపడి ఛాతీ కదలదు, ఊపిరి అంతా పొట్టతోనే ఆడుతుంది. పోయిన ఏడు ఒక విద్యార్థిని మా ఊరి తాత ఒకరి ఛాతీ వైపు చూసి, చూసి, కంగారుగా 'ఊపిరి ఆడటం లేదు సిస్టర్' అంది. తాత నవ్వి, 'బిడ్డా, దమ్ము కడుపుల ఉన్నది, ఆడ చెయ్యి పెట్టు' అన్నాడు. ఆ పిల్ల చేయి పెట్టి పూర్తి నిమిషం లెక్కించి 24 అని చెప్పింది. తర్వాత ఆ ఊళ్లో ఉన్న 15 రోజులూ ఎవరి ఇంటికి వెళ్లినా ముందు పొట్ట మీద చేయి పెట్టేది. వార్డులో 20 రాసే పిల్లలు ఊరికి వచ్చేసరికి ఎందుకు లెక్కిస్తారంటే, ఇక్కడ వాళ్లను తొందరపెట్టే రౌండ్స్ లేవు, రోజుకు ఐదు ఇళ్లు మాత్రమే.

పాలమూరు_ట్యూటర్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. జరిగినవి ఉన్నవి ఉన్నట్టు చెబుతాను.

గడియారాలు కొనడం అన్నింటికన్నా సులువైంది. ఒక గోడ గడియారం, తొమ్మిది చేతి గడియారాలు వారంలో వచ్చాయి. కష్టమైనది రోగుల పంపకం. ఒక్కో విద్యార్థినికి ముగ్గురు రోగులు, ఆ ముగ్గురి టీపీఆర్, మందులు, పక్క, మాటామంతీ అన్నీ ఆమెవే అని వార్డు ఇన్‌చార్జి సిస్టరును అడిగాను. 12 మందికి 36 మంది రోగులు సరిపోతారు, కానీ మా వాళ్లంతా ఒకేసారి ఆ వార్డులో ఉండరు, కొందరు ఆపరేషన్ థియేటర్‌లో, కొందరు పిల్లల వార్డులో ఉంటారు. మిగిలిన రోగుల టీపీఆర్ తన సిబ్బంది మీద పడుతుందని ఇన్‌చార్జి సిస్టరు మొహం చిట్లించారు. ఆవిడ బాధలో న్యాయం ఉంది. చివరకు నెల రోజులు చూద్దామన్నారు. నెల తర్వాత ఏమవుతుందో మరి.

ఇంకొక నియమం పెట్టాను. లెక్కించడానికి వీలు కాకపోతే గడి ఖాళీగా వదలాలి, ఖాళీకి నేను మార్కు కోయను, లెక్కించని అంకెకు కోస్తాను. మొదటి వారం సగం గడులు ఖాళీగా కనబడ్డాయి. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారు 'ఇదేమిటి' అని గట్టిగానే అడిగారు. నేను జవాబు చెప్పేలోపు మా రెండో సంవత్సరం విద్యార్థిని ఒకరు, 'లెక్కించలేదు సార్, ఇప్పుడు లెక్కిస్తాను' అని అక్కడే రోగి చేయి పట్టుకుంది. అందరమూ ఒక నిమిషం నిలబడవలసి వచ్చింది. 26 వచ్చింది. మూడో వారంలో చార్టుల్లో 14, 17, 19, 23, 31 అని రకరకాల అంకెలు కనబడుతుంటే నాకు పండగలా ఉంది. ఇరవైలు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని నిజమైనవే అయి ఉండాలి.

నల్లమల_నక్షత్రం

మేడమ్ గారూ, నేను ఇప్పుడు పిల్లల వార్డు పోస్టింగ్‌లో ఉన్నాను. గడియారం కొనుక్కున్నాను. ఎనిమిది నెలల బాబుకు లెక్కించబోతే చూడగానే ఏడుపు మొదలుపెట్టాడు. ఏడుస్తున్నప్పుడు 64 వచ్చింది. అది రాయాలా, ఖాళీ వదలాలా?

దేవరకొండ_బ్రదర్

ఏడుపులో వచ్చింది రాయవద్దు. తల్లి ఒడిలోనే ఉంచమని చెప్పి, నువ్వు అతని కంటికి ఆనకుండా పక్కకు నిలబడి, నిద్రపోయినప్పుడో శాంతించినప్పుడో చొక్కా కొంచెం పైకి ఎత్తి పూర్తి నిమిషం లెక్కించు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, ఆ అంకె గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అది వేగమైన శ్వాస. రెండు నెలల లోపు పసికందుకు 60 వస్తే మాత్రం తప్పక రెండోసారి లెక్కించాలి. ఊపిరి తీసేటప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంజుకుంటోందేమో కూడా చూడు. అతను శాంతించే దాకా ఖాళీ వదులు, పక్కన సమయం రాసిపెట్టు.

నల్లమల_నక్షత్రం

ఇప్పుడే నిద్రపోయాడు. 46.